ఆ పసుపు నేనే ఇచ్చాను

కామారెడ్డిలో ఒక కాలనీ పార్కు ప్రహరీ గోడ పక్కన చాలా ఏళ్ళుగా కూరగాయలు అమ్ముతున్నాను. గోడ వెంబడి మేము ఆరుగురం ఆడవాళ్ళం కూర్చుంటాం. నా పక్కన బీబీపేట నుంచి వచ్చి పూలు, కొబ్బరికాయలు అమ్మే ఆమె. ఆ తర్వాత కంకులు కాల్చే అత్తాకోడళ్ళు, చివర్లో ఆకుకూరలవాళ్ళు ఇద్దరు. పొద్దున మొదటి బస్సుకు దిగితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకు ఇంటికి పోతాం.

పార్కులో ఒక మూల రెండు గదుల చిన్న కట్టడం ఉండేది. ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. అది మరుగుదొడ్డి. ఈ మాట ఇప్పుడు ఇంత సులువుగా రాస్తున్నాను గాని, ఆ కాలనీలో దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలిచేవారు కాదు. ‘ఆ రూము’ అనేవారు. మగవాళ్ళ గది ఎప్పుడో మూతపడింది. ఊళ్ళో గోడలకు కొదవ లేదు కాబట్టి దాని గురించి ఎవరూ దిగులు పడలేదు. ఆడవాళ్ళ గది మాత్రం కుంటుకుంటూ నడిచేది. తలుపు కింది సగం చీకిపోయింది. గొళ్ళెం ఊడిపోయింది. నల్లా ఎండిపోయింది. లోపలికి ఒకరు వెళ్తే బయట ఒకరు తలుపుకు వీపు ఆనించి నిలబడేవాళ్ళం. నీళ్ళు ఇంటి నుంచి డబ్బాలో మోసుకొచ్చేవాళ్ళం. వెనక గోడకు నా చెయ్యి దూరేంత పగులు. పైకప్పు నుంచి పెచ్చులు రాలుతుంటే నెత్తి మీద కొంగు కప్పుకొని కూర్చునేవాళ్ళం.

అయినా అది ఉండబట్టే మా బతుకు నడిచింది. అంతకుముందు సంవత్సరం నాకు మూత్రంలో మంట పట్టుకుంటే డాక్టరమ్మ, ‘నీళ్ళు బాగా తాగమ్మా’ అని చెప్పింది. తాగితే ఎటు పోవాలో ఆమె చెప్పలేదు. పొద్దున ఒక గుక్క, అన్నంలోకి ఒక గుక్క, అంతే తాగేదాన్ని. ఆ రూము పోతే ఆ రెండు గుక్కలు కూడా పోతాయని నా భయం.

ఆ రూమును ఏం చేయాలో తేల్చడానికి ఒక ఆదివారం కాలనీ కమిటీ పార్కులో కూర్చుంది. కమిటీకి పెద్ద ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు సారు. మేము గోడ ఇవతల మా సంచుల దగ్గరే ఉండి అంతా వింటున్నాం.

“ఇగ ఆ రూము సంగతి ఏంజేద్దాం?” అన్నాడు సారు.

“ఏ రూము?” అన్నాడు కొత్తగా కిరాయికి వచ్చిన ఒకాయన.

“అదే. ఆ రూము.”

“ఏ రూము సార్? పార్కుల రూమెక్కడున్నది?”

అందరూ చెట్ల వైపు చూశారు. సారు ఆయన్ను మెల్లగా, “మీరు కూసోండ్రి, తర్వాత చెప్త,” అన్నాడు.

తర్వాత మాట సాగింది. ఒకాయన దాన్ని కూలగొట్టి అక్కడ షటిల్ కోర్టు వేద్దామన్నాడు. ఇంకొకాయన గణేశ్ మండపం కట్టెలు, రేకులు పెట్టుకోవడానికి వాడుకుందామన్నాడు. మూడో ఆయనేమో దాన్ని పుస్తకాల రూము చేద్దామన్నాడు. ఎందుకు కూలగొట్టాలో, ఇన్నాళ్ళూ అది దేనికి ఉందో ఒక్కరి నోటా రాలేదు. పూలామె ఉండబట్టలేక గోడ మీది నుంచి తల పెట్టి అడిగింది.

“సారూ, దాన్ని కూలగొడితే మేమెటు పోవాలె?”

“మీరెందుకు పోతరమ్మా? మీ గోడ పక్క జాగను ఎవ్వలు ముట్టరు. ఎప్పటి లెక్కనే కూసోని అమ్ముకోండ్రి.”

అంతమంది మగవాళ్ళ ముందు ఆమె ఇంకా విడమరిచి చెప్పలేకపోయింది. తల దించుకొని వచ్చి మల్లెలు కడుతూ కూర్చుంది. చివరికి సభ ఒక నిర్ణయానికి వచ్చింది. గోడల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తెలిసినవాళ్ళు చూసి చెప్పిన తర్వాతనే కూలగొట్టడమా, బాగుచేయడమా అనేది తేల్చుకుందామని.

ఆ వారం ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. సుత్తి కర్రతో గోడ మీద కొడుతూ చెవి ఆనించి వింటూ రూము చుట్టూ తిరిగాడు. కాసేపటికి మా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, జర సుద్దముక్క గిట్ల ఉన్నదా? నాది వానకు నాని పిండి పిండయింది.”

“సుద్దముక్క నా దగ్గరేడిది అన్నా? టమాటలున్నయి, గోకరకాయలున్నయి.”

“గుర్తు పెట్టేటందుకు ఏదన్న ఉంటే ఇయ్యి. లేకుంటే మళ్ళ వచ్చే వారమే వస్త.”

వచ్చే వారం అనేసరికి నా ప్రాణం గిలగిలలాడింది. వచ్చే వారం మా దగ్గర ఎంత తొందరగా నెల అవుతుందో నాకు తెలుసు. పూలామె శుక్రవారాల కోసం పసుపు, కుంకుమ పొట్లాలు పెట్టుకుంటుంది. ఆమె బుట్టలోంచి ఒక పసుపు పొట్లం తీసి, నా స్టీలు మూతలో పోసి, నీళ్ళతో చిక్కగా కలిపి ఇచ్చాను. పూలామె కుంకుమ కలిపి ఇచ్చింది.

మేస్త్రీ ముఖం వెలిగింది. “మంచిగైంది. పసుపు పెట్టినకాడ గోడ ఉంటది. ఎర్రగ పెట్టినకాడ తీసెయ్యాలె,” అన్నాడు.

గట్టిగా ఉన్న చోట నాలుగు వేళ్ళతో పసుపు రాశాడు. పెద్ద పగులు దగ్గర, అది ఇంకా విచ్చుకుంటుందేమో తర్వాత చూడాలని, అది సన్నబడ్డ చోట అడ్డంగా అరచేయంత పసుపు పూసి, నడుమ ఎర్రటి బొట్టు పెట్టాడు. పసుపు మీదైతే ఎరుపు బాగా కనబడుతుందట. ‘రెండు మూడు గోడలు ఉంటయి అక్కా, బాగయితది’ అని చెప్పి వెళ్ళాడు. ఆ సంతోషంలో నేను ఆ మధ్యాహ్నం మూడు గుక్కల నీళ్ళు తాగాను.

మరునాడు పొద్దున వచ్చి సంచి పరిచేసరికి పగులులో వేపకొమ్మ గుచ్చి ఉంది. దాని కింద ఒక దీపం. దీపం ముందు మూడో ఇంటి అవ్వ కళ్ళు మూసుకొని నిలబడి ఉంది. ఆమెది పిట్లం వైపు భూములున్న కుటుంబం. కాలనీలో ఆమె మాటకు ఎదురు లేదు. ఎండెక్కేసరికి రెండు కొబ్బరికాయలు పడ్డాయి. మధ్యాహ్నానికి రెండో లైనులో ఒకామె తన తలనొప్పి తగ్గిందని చెప్పుకుంది. సాయంత్రం హెడ్‌మాస్టరు సారు వచ్చాడు. దూరం నుంచి చూశాడు. దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడిచాడు.

“ఎవ్వలు పెట్టిండ్రిది?” అని అడిగాడు.

“ఎవ్వలు పెడ్తరు సారు? అమ్మనే వెలిసింది,” అంది అవ్వ.

ఇంక నేను ఆగలేకపోయాను. చేతులకంటిన మట్టి తుడుచుకొని దగ్గరికి వెళ్ళాను.

“అవ్వా, ఆ పసుపు నేనిచ్చిన. మేస్త్రీ వచ్చి గోడకు గుర్తు పెట్టిపోయిండు. గంతే.”

అవ్వ నా వైపు తిరిగి రెండు చేతులూ పట్టుకుంది. “నువ్వే ఇచ్చినవా? అరే, ఎంత పుణ్యాత్మురాలివే! అమ్మ నీ చేతులకెల్లి తెప్పిచ్చుకున్నది.”

“కాదవ్వా. ఆయన దగ్గర సుద్దముక్క నానిపోయింది. గందుకే ఇచ్చిన.”

“సుద్దముక్క ఎందుకు నానింది?”

“వాన పడ్డది.”

“వాన ఎవ్వలు పడేసిండ్రు?”

సారు వైపు చూశాను. పిల్లలకు ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి, వాన ఎట్లా పడుతుందో ఆయన చెబుతాడనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకొని దండం పెట్టుకుంటున్నాడు.

నేను ఊరుకోలేదు. మరునాడు, ఆ మరునాడు కూడా వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. పసుపు నేనే ఇచ్చాను, స్టీలు మూతలో కలిపాను అని. మూడో రోజుకు వాళ్ళు నా స్టీలు మూత చూపించమని అడగడం మొదలుపెట్టారు. ఒకామె దానికి కూడా బొట్టు పెట్టింది.

“ఊకో అక్కా, నువ్వెంత చెప్తే గది గంత గట్టిగయితున్నది,” అంది పూలామె.

“నీకేందే, నీ పూలు అమ్ముడువోతున్నయి.”

“పూలయితే పోతున్నయి. నా కడుపే ఉబ్బుతున్నది. నేనెటు పోవాలె?”

మేస్త్రీని మళ్ళీ పిలిపించారు. ఆయనొక్కడు నిజం చెబితే చాలని నేను ఎదురుచూశాను. ఆయన పార్కులోకి వచ్చి, వేపకొమ్మలూ దండలూ చూసి, దూరంగా ఆగిపోయాడు.

“అన్నా, చెప్పు. నువ్వే పెట్టినవు గదా?” అన్నాను.

తన వేళ్ళ వైపు చూసుకున్నాడు. “నేను పెట్టింది నాకు యాదికున్నది,” అన్నాడు. “గని, గింత మంచిగ నేను పెట్టలే.”

అంతే. సుత్తి సంచిలో పెట్టుకొని, కొబ్బరి ముక్క ప్రసాదం తీసుకొని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పదిహేను రోజుల్లో ఆ గోడకు జరిగిన సేవ అంతా ఇంతా కాదు. మేము ఎన్నిసార్లు మొత్తుకున్నా రాని నల్లా నీళ్ళు రెండు రోజుల్లో వచ్చాయి, అమ్మకు అభిషేకం చేయాలి కాబట్టి. లైటు వచ్చింది. గోడకు సున్నం వేసి, కింద గుడికి వేసినట్టు ఎర్రటి జాజు పట్టీ తీశారు. పగులును ముట్టుకోకుండా చుట్టూ సిమెంటు చేశారు. లోపలి గదులు శుభ్రంగా కడిగి, గుంతలు పూడ్చి, ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. మేము ఇన్నాళ్ళూ వీపులు ఆనించి కాపలా కాసిన చోట ఇప్పుడు మంచి తాళం ఉంది. అమ్మంటే నాకు భక్తి లేక కాదు. నేనూ పొద్దున వచ్చి దండం పెట్టుకునేదాన్ని. దండం పెట్టి, ‘తల్లీ, మరి మా సంగతి?’ అని అడిగేదాన్ని.

మేము రైలు పట్టాల వైపు తుమ్మచెట్ల చాటుకు పోవడం మొదలుపెట్టాం. ఇద్దరిద్దరుగా పోవాలి. రైలు వస్తే లేచి నిలబడాలి, పోయాక కూర్చోవాలి. ఏ బండి ఎప్పుడొస్తుందో స్టేషన్‌వాళ్ళ కంటే మాకే బాగా తెలిసింది. కంకులు కాల్చే కోడలు నెలలు నిండుతున్న మనిషి. ఒకరోజు లేవబోయి ముళ్ళలో పడింది. మోచేయి గీరుకుపోయింది, ఇంకేం కాలేదు. కానీ ఆ రోజు నుంచి ఆమె నీళ్ళు తాగడం మానేసింది. ఆమె అత్త బతిమాలినా తాగలేదు. నాకు మంట మళ్ళీ మొదలైంది.

ఆ ఆదివారం అమ్మకం మానేసి ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఎల్లారెడ్డికి అవతల ఒక చిన్న పల్లె మా తల్లిగారి ఊరు. అక్కడ పోచమ్మ పనులన్నీ మా అన్నే చూస్తాడు. నేను వెళ్ళేసరికి వాకిట్లో కూర్చొని మక్కలు ఒలుస్తున్నాడు. నేనూ ఒక కంకి తీసుకొని కూర్చున్నాను.

“అన్నా, వెలిసిన అమ్మను జర పక్కకు జరుపొచ్చునా?”

“జరిపేటందుకు గదేమన్న మంచమానే?”

మొత్తం చెప్పాను. మేస్త్రీ మాట దగ్గరికి వచ్చేసరికి అన్న నవ్వి నవ్వి కంకి కింద పడేశాడు. తర్వాత ముళ్ళలో పడిన పిల్ల గురించి చెబితే నవ్వు ఆపాడు.

“మన జాతరకు మొదలు ఏం చేస్తం?” అని అడిగాడు.

“పందిరేస్తం.”

“దానికంటె ముందుగాల?”

“డప్పోళ్ళకు చెప్తం.”

“దానికంటె ముందుగాల?”

అప్పుడు గుర్తొచ్చింది. జాతర ఇంకా వారం ఉందనగానే మా నాన్న, ఇప్పుడు మా అన్న, పారలు తీసుకొని వాగు ఒడ్డుకు వెళ్తారు. గుంతలు తవ్వి, చుట్టూ తాటాకు తడకలు కడతారు. బోనాలు ఎత్తుకొని వచ్చే ఆడవాళ్ళు పొద్దంతా ఉండాలి కదా. తడకలు కట్టకుండా మా ఊళ్ళో డప్పు మీద దెబ్బ పడదు.

“ఆడోళ్ళకు తడకలు కడ్తం,” అన్నాను.

“మరి మీ కామారెడ్డోళ్ళు అమ్మను కూసోవెట్టుకున్నరు గదా, తడకలు కట్టిండ్రా? గదడుగు పోయి.”

తిరిగి వచ్చే బస్సులో మనసులోనే దరఖాస్తు రాసుకున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటిన తర్వాత, మా కోడలి దగ్గర. ఉత్తరాలు, దరఖాస్తులు ఎప్పుడూ రాయలేదు. రెండు సాయంత్రాలు పట్టింది. మొదట ‘ఆ రూము’ అనే రాశాను. చదువుకుంటే అదీ వాళ్ళ మాటలాగే ఎటూ కాకుండా ఉంది. కొట్టేసి, అసలు మాట రాశాను. నోటితో అనాలంటే చచ్చేంత సిగ్గయ్యే మాట పెన్నుతో మామూలుగానే వచ్చింది. ఐదు అక్షరాలు. రాసి, కోడలు చూడకుండా కాగితం తిరగేసి పెట్టాను.

కాగితంలో ఉన్నది ఇంతే. ‘కమిటీ పెద్దలకు నమస్కారం. అమ్మవారి దగ్గరికి ఆడవాళ్ళు చాలామంది వస్తున్నారు. బోనాలనాడు ఇంకా ఎక్కువ మంది వస్తారు. మా ఊళ్ళో అమ్మవారి జాతరకు ముందు ఆడవాళ్ళకు చాటు కడతారు. ఇక్కడ కట్టలేదు. అది అమ్మకు మంచిది కాదు, మాకూ మంచిది కాదు. పార్కు రెండో మూలన ఆడవాళ్ళకు మరుగుదొడ్డి కట్టించాలి. గొళ్ళెం లోపలి వైపు ఉండాలి.’ కింద నలుగురం సంతకాలు చేశాం, ఇద్దరు వేలిముద్రలు వేశారు.

బోనాల ఏర్పాట్ల కోసం కమిటీ మళ్ళీ కూర్చుంది. ఈసారి అవ్వతో పాటు ఇళ్ళలోని ఆడవాళ్ళు కూడా వచ్చారు. సారు కాగితం అందుకొని గొంతు సవరించుకొని గట్టిగా చదివాడు. ‘పార్కు రెండో మూలన ఆడవాళ్ళకు’ అనే దాకా బడిలో చదివినట్టే చదివాడు. అక్కడ ఆగాడు. దగ్గాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

“నాకు సరిగ కనిపిస్తలేదు, నువ్వు చదువు,” అని పక్కాయనకు ఇచ్చాడు.

షటిల్ కోర్టు ఆయన అది చూసి తర్వాతి ఆయనకు ఇచ్చాడు. ఆయన తిరగేసి వెనకవైపు కూడా చూసి ఇంకొకరికి ఇచ్చాడు. కాగితం అందరి చేతులూ తిరిగి నా దగ్గరికే వచ్చింది.

“నువ్వే చదువమ్మా. నీ రాత నీకే తెలుస్తది,” అన్నాడు సారు.

లేచి నిలబడ్డాను. మొదటి నుంచి చదివాను, ఆ మాట కూడా చదివాను. ఎవరికీ ఏమీ కాలేదు.

“గట్లెట్లయితదమ్మా?” అన్నాడు షటిల్ కోర్టు ఆయన. “అమ్మ ఉన్న పార్కుల గసుంటిది కడ్తరా?”

సారు ఏదో అనబోయాడు గాని అవ్వ ముందే అందుకుంది. “నేను బోనమెత్తుకొని రెండు గంటలు నిలవడాలె. నాకు షుగరున్నది. నడుమల అయితే నేనెటు పోవాలె? నీ షటిల్ కోర్టులకా?”

ఎవరో ఫక్కున నవ్వారు. ఆయన ఇంకా, “గది కాదు అవ్వా, అమ్మ ముంగట...” అంటుండగానే, “అమ్మ ఆడది గాదారా?” అంది.

ఆ మాటతో ఇళ్ళ ఆడవాళ్ళందరికీ నోళ్ళు వచ్చాయి. పిల్లల్ని ఆడించడానికి వచ్చి పరుగున ఇళ్ళకు పోయిన సంగతులన్నీ బయటపడ్డాయి. సారు తల ఎత్తకుండా తీర్మానం రాసుకున్నాడు. ఎన్నాళ్ళుగానో తేలని విషయం పావుగంటలో తేలిపోయింది.

కట్టడానికి ఆ ముసలి మేస్త్రీయే వచ్చాడు. ఈసారి సుద్దముక్కలు ప్లాస్టిక్ కవరులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నన్ను చూడగానే, “అక్కా, నీ పసుపు దాసుకో,” అన్నాడు.

బోనాలకు వారం ముందు గది పూర్తయింది. మేము తాళం చెవి తీసుకొని వాడుకోవడం మొదలుపెడదామనుకున్నాం. కమిటీ ఒప్పుకోలేదు. ప్రారంభోత్సవం కావాలన్నారు. షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు వరుసలుగా వేశారు, అన్నీ సరిగ్గా ఆ తలుపుకు ఎదురుగా. తలుపుకు ఎర్ర రిబ్బను కట్టారు. డప్పులు వచ్చాయి. సారు ఆడవాళ్ళ గౌరవం గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆ మాట మాత్రం అనలేదు, ‘ఈ సౌకర్యం’ అన్నాడు. షటిల్ కోర్టు ఆయన కూడా మాట్లాడాడు, ఇది మొదటి నుంచీ తన ఆలోచనేనన్నాడు.

నేను ఆ రోజు నమ్మకంతో పొద్దున్నే చెంబెడు నీళ్ళు తాగి వచ్చాను. మేము ఆరుగురమూ తాగే వచ్చాం. కంకుల కోడలు అయితే రెండు గ్లాసులు తాగింది. ప్రసంగాలు ఎంతకీ అయిపోవు. మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాం.

చివరికి రిబ్బను కత్తిరించారు. తలుపు తెరిచారు. అందరూ వంగి లోపలికి చూసి, బాగుందన్నారు. చప్పట్లు కొట్టారు. కొట్టి, మళ్ళీ వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు.

“ఇగ ఎవరన్న మొదలు...” అని సారు మైకులో మొదలుపెట్టి, ఆగిపోయాడు.

ఎవరూ కదలలేదు. అన్ని కుర్చీలు, అన్ని కళ్ళు, నడుమ తెరిచిన తలుపు. పూలామె నన్ను మోచేత్తో పొడిచింది. “నువ్వే రాసినవు అక్కా, నువ్వే పో.”

“గింతమంది ముంగటనా?”

“అయితే నిలబడు. ఈ పిల్లకైతే ఇగ ఆగేటట్టు లేదు.”

కంకుల కోడలి ముఖం చూశాను. నా సంగతి నాకు తెలుస్తూనే ఉంది. మైకు దగ్గరికి నడిచి వెళ్ళాను.

“సారూ, జర అందరు కుర్చీలు గటు తిప్పుకోండ్రి.”

సారు ఒక్క క్షణం చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. బడిలో పిల్లలకు చెప్పినట్టు గట్టిగా అన్నాడు. “అందరు లేవుండ్రి! వెనకకు తిరుగుండ్రి!”

పెద్ద మనుషులంతా లేచి కుర్చీలు తిప్పుకొని రోడ్డు వైపు ముఖాలు పెట్టి కూర్చున్నారు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో తెలియక, వాళ్ళూ అటే చూడసాగారు. డప్పులాయన కొట్టాలా, ఆపాలా తెలియక కర్రలు గాలిలో పట్టుకొని నిలబడ్డాడు.

“కొట్టు బిడ్డా, కొట్టు,” అంది అవ్వ. “గట్టిగ కొట్టు.”

డప్పులు మొదలయ్యాయి. నేను పిల్లను ముందుకు తోశాను. ఆమె లోపలికి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. అది పడ్డ చప్పుడు అంత మోతలోనూ నాకు వినిపించింది. ఆమె వచ్చాక నేను వెళ్ళాను. నేను బయటికి వచ్చేసరికి కుర్చీలు ఇంకా రోడ్డు వైపే ఉన్నాయి. తలుపు దగ్గర మావాళ్ళు నలుగురు వరుసగా నిలబడ్డారు. వాళ్ళ వెనక ఇళ్ళ ఆడవాళ్ళు, వాళ్ళందరినీ ‘జరుగుండ్రి, నాకు షుగరు’ అని నెట్టుకుంటూ మూడో ఇంటి అవ్వ.